ఆలస్యానికి కారణం

"'ఒక వాలంటీరు పొరపాటు వల్ల' అని రాయి," అన్నాడు ఎమిల్, కాఫీలో చెంచా తిప్పుతూ.

వెరోనా చేతిలోని ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద ఆగింది. "ఎవరా వాలంటీరు?"

"నువ్వే. ఇంకెవరున్నారు మనకి?"

కాలరు మాడుతుందని గుర్తొచ్చి పెట్టె పైకెత్తింది. శనివారం ఫోటోకి అతను వేసుకోబోయే చొక్కా అది. చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు వీధిలోకి రాగలిగేలా వాళ్ళ ఇళ్ళకి చెక్క ర్యాంపులు కట్టిపెట్టే 'గుమ్మం దాకా' సంస్థ తన ఐదు వందలవ ర్యాంపుని పావ్లిక్ ముసలమ్మ ఇంటి ముందు పూర్తి చేయబోతోంది. కౌంటీ పత్రిక వాళ్ళు వచ్చి ముసలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన సంస్థాపకుడు ఎమిల్ బొబాక్‌ని నిలబెట్టి ఫోటో తీస్తారు. చొక్కా ఇస్త్రీ చేసినవాళ్ళు ఫోటోలో పడరు. అది ఎక్కడైనా ఉన్న ఆనవాయితీయే.

"నాకేం కోపం లేదు వెరా," అన్నాడు ఎమిల్, తానే క్షమిస్తున్నట్టు. "లాయరు చెప్పిన మాటే నేను చెప్తున్నా. సంస్థ కావాలని చేసిందంటే గొడవ. ఇంట్లో కూర్చుని కాగితాలు చూసుకునే ఒక పెద్దావిడ మర్చిపోయిందంటే పోనీలే అని వదిలేస్తారు. నువ్వు ప్రమాణపత్రం మీద చిన్న సంతకం పెట్టేస్తే సరి."

"మర్చిపోయానా నేను?"

"అబ్బా, నిజంగా మర్చిపోయావని ఎవరన్నారు? కాగితం మీదే కదా!"

వెరోనా ఆ మాటని గుర్తుపట్టింది. 'కాగితం మీదే కదా' అన్న మాట ఎమిల్‌ది కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ కిందట తన తల్లితో తను అన్నది. ఊరంతా తిరిగి ఇవాళ మళ్ళీ తన ఇంటికే వచ్చింది.

కప్పు సింకులో పెట్టి ఎమిల్ లేచాడు. ర్యాంపు కట్టడానికి కలప ఇవాళే వస్తోంది. గుమ్మం దగ్గర ఆగి, ఆఖరి మేకు కొట్టినట్టు అన్నాడు: "పావ్లిక్ ముసలమ్మ ఎనిమిది నెలలుగా మెట్లు దిగలేదు. ఈ ఫ్లోరిడా గొడవ పెద్దదైతే ఆవిడ తర్వాత వరసలో ఉన్నవాళ్ళ గతేంటో ఆలోచించుకో. మధ్యాహ్నానికల్లా టిల్డా ముద్ర వేయించుకురా, సరేనా?"

ఫ్లోరిడా గొడవ అంటే ఇదీ. మంచిపనికే అయినా సరే, ఒక రాష్ట్రం మనిషిని చందా అడగాలంటే ముందు ఆ రాష్ట్రంలో సంస్థ పేరు నమోదు చేయించుకోవాలి. దగ్గర దగ్గర నలభై రాష్ట్రాల్లో ఇదే తీరు. పెన్సిల్వేనియాలో ఉన్న సంస్థ ఒహాయో మనిషిని అడిగితే ఒహాయోలో నమోదు, మేరీలాండ్ మనిషిని అడిగితే మేరీలాండ్‌లో నమోదు. ఎవరి ఫారం వాళ్ళది, ఎవరి గడువు వాళ్ళది. ఒకరికి ఇద్దరు పదాధికారుల సంతకాలు కావాలి, ఇంకొకరికి నోటరీ ముద్ర కావాలి, మరొకరు పిన్ను గుచ్చితే తిప్పి పంపుతారు. ఏటేటా మళ్ళీ మొదటికి. ఏ రాష్ట్రానికి ఏ నెలలో ఏం పంపాలో తెలిసిన మనిషి ఆ ఊళ్ళో వెరోనా ఒక్కతే. శవపేటికల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చే క్యాలెండరు మీద రంగు చుక్కలు పెట్టుకుని, అల్మారా తలుపు లోపలి వైపు తగిలించుకునేది. తలుపు బయటి వైపు ఎమిల్‌కి గవర్నరు ఆఫీసు నుంచి వచ్చిన అభినందన పత్రం ఉంటుంది. ఫారాలన్నీ ఆమె నింపేది, సంతకం చేయాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించేది. ఎమిల్ ఫుట్‌బాల్ ఆట చూస్తూ, చీటీ ఉన్న చోటల్లా చెయ్యి ఆడించేవాడు. "ఇంకెన్నున్నాయే తల్లీ?" అని విసుక్కునేవాడు, రాసింది తనే అయినట్టు. చదివిన పాపాన ఎన్నడూ పోలేదు.

పోయినేడు ఆగస్టులో ఫ్లోరిడా ఫారం కూడా అలాగే నింపి పెట్టింది. ఐదు నెలల పాటు అది అతని వేట పత్రికల కింద పడి ఉంది. రెండుసార్లు గుర్తు చేస్తే "పారిపోదులే" అన్నాడు. కొన్నాళ్ళు మళ్ళీ చెప్పలేదు. ఈలోగా క్రిస్మస్ ఉత్తరాలు వేయాలన్న ఆలోచన ఎమిల్‌కి పుట్టింది. ఊళ్ళోని ఉక్కు మిల్లు మూతబడ్డాక, పింఛన్లు వచ్చాక, చర్చి జనంలో సగం మంది ఎండ వెతుక్కుంటూ ఫ్లోరిడాకి చేరారు. వాళ్ళందరికీ ర్యాంపుల బొమ్మలున్న క్యాలెండరూ, చందా అడుగుతూ ఒక ఉత్తరమూ పంపాలన్నాడు.

"ముందు ఆ ఫారం మీద సంతకం పెట్టు. వాళ్ళ జవాబొచ్చాక పంపుదాం," అంది వెరోనా.

"మన స్టీవ్‌కి ఉత్తరం రాయడానికి ఎవడి పర్మిషన్ కావాలే నాకు? వాడి పెళ్ళిలో పక్కన నిలబడ్డవాణ్ణి నేను. ఒళ్ళు కాచుకోవడానికి అక్కడికి పోయినంత మాత్రాన మనవాడు కాకుండా పోతాడా?"

ఇది ఆ ఊరున్న నదీలోయ వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. ఆ చర్చి తొట్టిలో బాప్తిస్మానికి తల తడిసినవాడు ఎక్కడున్నా మనవాడే. మనవాణ్ణి అడగడం అడగడం కిందికి రాదు. చర్చి అడుగున ఉండే వంటగదిలో గురువారం గురువారం బంగాళాదుంపల ముద్ద కూరి పిరోహీలనే కజ్జికాయలు నొక్కే ఆడవాళ్ళు కూడా "అదేం చోద్యం వెరా, ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి టికెట్ కొంటామా?" అన్నారు. పిండి తుడిచిన బల్ల మీదే కవర్లు పరిచారు. వెరోనా వద్దంటూనే ఉంది. ఎమిల్ వచ్చి, "చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, స్టాంపులు అంటించు," అన్నాడు. నోరు వద్దంటూనే ఉంది, చేతులు స్టాంపులు అంటించేశాయి. మూడు వందల కవర్లకి ఒక్కటి తక్కువ. చేయనన్న మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాలి కదా. కూర్చోవడం ఆమెకి ఎవరూ నేర్పలేదు.

స్టీవ్ ఇంట్లో కొత్త కోడలు జాగ్రత్తపరురాలు. ముసలాళ్ళకి వచ్చే చందా ఉత్తరాల్లో మోసాలెక్కువని, ఈ సంస్థ నమోదైందా లేదా అని రాష్ట్రం వాళ్ళకి ఫోన్ చేసి అడిగింది. ఆ ఏటికి కాలేదన్నారు. ఉత్తరాలు ఆపమనీ, వెంటనే నమోదు చేసుకుని ఆలస్యానికి కారణం చెప్పమనీ నోటీసు వచ్చింది. ఎమిల్ అప్పుడు వేట పత్రికల కింది నుంచి ఫారం తీసి సంతకం పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కారణాన్ని ప్రమాణపత్రంగా రాసిస్తే మంచిదని లాయరు చెప్పాడు. ఎమిల్ చెప్పిన వాక్యాన్ని వెరోనా ఇవాళ ఇస్త్రీ మధ్యలో ఆపి కంప్యూటర్లో కొట్టింది: 'దరఖాస్తు ఆలస్యం కావడానికీ, అనుమతి రాకముందే ఉత్తరాలు వెళ్ళడానికీ కారణం, కాగితాల పని చూసే వాలంటీరు వెరోనా బొబాక్ పొరపాటు.'

ప్రింటరులోంచి వచ్చిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో, ఇన్ని రాష్ట్రాలకి వెళ్ళిన ఇన్ని వేల పేజీల్లో ఆమె పేరు ఒక్కచోట కూడా లేదు. పదాధికారుల జాబితాలో లేదు, సిబ్బంది జాబితాలో లేదు, జీతం లేదు కాబట్టి జీతాల గడిలోనూ లేదు. ఇదే మొదటిసారి. ఎవరు కావాలన్నా అడిగి చూసుకోగల ప్రభుత్వ దస్త్రంలోకి ఆమె పేరు మొట్టమొదటిసారి వెళ్ళబోతోంది, తప్పు చేసిన మనిషిగా.

పోనీ అది ఎమిల్ చేసిన ద్రోహమా అంటే, అంత తేలిగ్గా అనేసి బయటపడలేకపోతోంది. ఎమిల్ చెడ్డవాడు కాదు. అరవై ఆరేళ్ళ వయసులో మంచులో మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొడతాడు. ఆమెకి జ్వరమొస్తే కోడి చారు కాచి ఇస్తాడు, కాచిన గిన్నె మాత్రం కడగడు. అసలు మొదటి కాగితం సంగతి తలుచుకుంటే ఆమెకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. అమ్మ తుంటి విరిగి కుర్చీలో పడింది. ఆ కొండవాలు ఇంటికి పదకొండు మెట్లు. పద్నాలుగు నెలలు ఆవిడ వరండా దాటలేదు, ఈస్టరుకి చర్చి గంట వినపడితే కిటికీ మూయమనేది. వెరోనా లైబ్రరీకి వెళ్ళి చదివి, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు ఉండాలని తెలుసుకుని, అంత పొడవు ముంగిట్లో పట్టదు కాబట్టి రెండు మలుపులు తిప్పి, చర్చి కరపత్రం వెనకవైపు ర్యాంపు బొమ్మ గీసింది. మెట్లు కొలిచింది, కలప ఇమ్మని అడిగింది, మనుషుల్ని పోగేసింది. ఎమిలూ అతని స్నేహితులూ రెండు శనివారాలు సుత్తి పట్టారు. అమ్మ బయటికొచ్చిన రోజున పక్క వీధి నుంచి ఇంకొకామె "మా ఆయనకి కూడా కట్టిస్తావా వెరా?" అని అడిగింది. అలా మొదలైంది. పేరు పెట్టింది కూడా వెరోనాయే.

నమోదు కాగితం వచ్చిన రోజు ఎమిల్ బయట ట్రక్కు కడుక్కుంటున్నాడు. 'స్థాపకులు' అన్న గడి దగ్గర వెరోనా కలం ఆగింది. అత్తగారు ఎదురుగా కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. "ఏంటే ఆలోచిస్తున్నావ్? మగాడి పేరు రాయి. పని ఆడదానిదైనా, పేరు మగాడిదుంటేనే నలుగురూ ముందుకొస్తారు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నేను నడిపిన దుకాణం బోర్డు మీద ఎవరి పేరుందో చూశావుగా!" అంది. చూసింది. అయినా అత్తగారు చెయ్యి పట్టుకుని రాయించలేదు. ఎమిల్ అడగను కూడా అడగలేదు. తనే రాసింది, గుండ్రటి అక్షరాలతో, ముద్దుగా: ఎమిల్ బొబాక్. లోపలికొచ్చి చూసి అతను మొదట సిగ్గుపడ్డాడు కూడా. "నాదెందుకే?" అన్నాడు. "ఉండనీలే," అంది. మరుసటేడు చర్చి విందులో "మా ఆవిడ తరఫు పెద్దావిడ కోసం" అని మొదలెట్టాడు. ఐదో ఏటికల్లా "నేను ఈ సంస్థ పెట్టినప్పుడు" అన్నాడు. అబద్ధం ఆడుతున్నాననుకుని కాదు, నిజంగానే అలా గుర్తుండిపోయింది అతనికి. ఏటేటా నలభై రాష్ట్రాలకి అదే కథ రాసి పంపింది ఆమె కాబట్టి, అతనికి గుర్తుచేసింది కూడా ఆమే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సొమ్మున్న మనిషే చేజేతులా సోకు చేయించి పంపితే దానికేం సామెత ఉందో ఆమెకి తెలియదు.

ఆ మొదటి విందులో ఎమిల్‌ని వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొడుతుంటే, అమ్మ కుర్చీలోంచి ఆమె మోచెయ్యి గుంజింది. "నీ పేరు చదవలేదేంటే?"

"కాగితం మీదే కదమ్మా. ఏముంది అందులో?"

"కాగితంలో ఏమీ లేకపోతే, పొద్దస్తమానం నువ్వు వాటికెందుకే పడి చస్తున్నావ్?"

నవ్వేసి కేకు తేవడానికి లేచింది. అమ్మకి జవాబు చెప్పనేలేదు. తర్వాత మూడేళ్ళు బతికింది అమ్మ, ఆ ర్యాంపు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి "మా వెరా కట్టించింది" అని చెప్తూ. మతిమరుపు ముసలమ్మ అనుకునేవాళ్ళు, పత్రికల్లో ఎమిల్ పేరు చదివినవాళ్ళు. వెరోనా విని కూడా "అవును" అనలేదు. ఇన్ని దుఃఖాల్లోకీ ఆ ఒక్కటే ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకొకసారి పిట్స్‌బర్గ్‌లో ఇలాంటి నమోదు పనులే చేసిపెట్టే ఒక ఆఫీసుకి ఏదో సందేహం అడగడానికి ఫోన్ చేసింది. పది నిమిషాలు మాట్లాడాక అవతలి ఆవిడే ఈమెని సందేహాలు అడగడం మొదలుపెట్టి, చివరికి "మా దగ్గర చేరతారా?" అంది. ఎమిల్ పెద్దగా నవ్వాడు. "జీతమిచ్చి మరీ ఫారాలు నింపిస్తారా? పిచ్చివాళ్ళు. నువ్వెళ్తే ఇక్కడ ఎవరు చూస్తారే?" అన్నాడు. ఇంట్లో పైసా లేని పని, బయటికెళ్తే ఉద్యోగమని ఆ రోజే తెలిసింది ఆమెకి. తెలిసి కూడా ఊరుకుంది. అప్పుడామెకి యాభై రెండేళ్ళు. ఇప్పుడైతే ఎవరూ పిలవరు.

చొక్కాకి ఒక చెయ్యి ఇస్త్రీ కావాల్సి ఉంది. పెట్టె ప్లగ్గు పీకేసి, కాగితం కవర్లో పెట్టుకుని, టిల్డా దుకాణానికి కొండ దిగింది.

టిల్డా మ్రాజ్ దుకాణంలో కార్ల నంబరు ప్లేట్లు, చేపల వేటకి లైసెన్సులు, నోటరీ ముద్ర, అన్నీ దొరుకుతాయి. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. ఎమిల్ సంతకాలకి ముద్ర వేయించడానికి భార్యాభర్తలిద్దరూ ఏటా పదిసార్లయినా అక్కడికి వస్తారు.

"ఒంటరిగా వచ్చావేంటే? మీ దొరగారేరీ?" అంది టిల్డా, కళ్ళజోడు సవరించుకుంటూ.

"ఇవాళ సంతకం నాది."

"నీదా! ఏదీ, లైసెన్స్ తియ్యి. నీ మొహం చూసి ఊరుకుంటే చట్టం ఒప్పుకోదు." కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఎంత కోపంగా ఉన్నావే! ఊ, సరే, కుడిచెయ్యి ఎత్తు. ఇందులో రాసిందంతా నిజమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నావా?"

చెయ్యి లేచింది గానీ మాట లేవలేదు.

"ఏమే, నిద్రపోయావా?"

"ఎమిల్‌ని ఎప్పుడూ ఇలా అడగలేదుగా నువ్వు?"

"ఎమిల్ సంతకం ఎమిల్ పెట్టాడా లేదా అన్నదే నేను చూసేది. ఇది అట్లా కాదు, ప్రమాణపత్రం. లోపలున్నది నిజమని నువ్వు నోటితో అనాలి. అంటేనే ముద్ర."

"సగం నిజమైతే?"

"సగం ముద్ర లేదమ్మా నా దగ్గర."

వెనక పడవ ట్రైలరుకి ప్లేటు కోసం నిలబడ్డ ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "నిజమో అబద్ధమో కాస్త తొందరగా తేల్చుకోండమ్మా. బయట బండి ఆపకుండా వచ్చాను."

వెరోనాకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. మొదటి కాగితం మీద గుండ్రంగా ఎమిల్ పేరు రాసింది ఈ చెయ్యే, స్టాంపులు అంటించింది ఈ చెయ్యే. ఇన్నేళ్ళలో ఒక్కరూ, ఒక్క రాష్ట్రమూ, ఇది నిజమేనా అని ఆమెని అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదో. పావ్లిక్ ముసలమ్మ గుర్తొచ్చింది, వరసలో ఉన్నవాళ్ళు గుర్తొచ్చారు. నిజం రాస్తే ఆగిపోయేవి ర్యాంపులా, ఎమిల్ ఫోటోయా? ఈ ప్రశ్నకి జవాబు నలభై రాష్ట్రాల ఫారాలు తెలిసిన మనిషికి తెలియకపోవడమేమిటి? ఆలస్యానికి ఏ కారణం చెప్పినా సంస్థని మూసేయరు. జరిమానా వేస్తారు, నమోదు చేస్తారు, అంతే. ఆ సంగతి ఆమెకి పొద్దున చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు కూడా తెలుసు.

చెయ్యి దించింది. "ఒక తెల్ల కాగితం ఇస్తావా?"

టిల్డా ప్రింటరులోంచి కాగితం లాగి ఇచ్చింది. గొలుసుతో కట్టిన కలం అందుకుని వెరోనా కౌంటరు చివర నిలబడి రాయడం మొదలుపెట్టింది. ముసలాయన ప్లేటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఇంకా రాస్తూనే ఉంది. మధ్యలో ఫోన్ మోగింది, ఎమిల్. మోగి మోగి ఆగింది.

రాయడమయ్యాక కాగితం టిల్డా వైపు తిప్పింది. టిల్డా చదవాల్సిన పని లేదు, అయినా చదివింది. మొదట గబగబా, తర్వాత పెదాలు కదుపుతూ నెమ్మదిగా.

*ఆలస్యానికి కారణం. దరఖాస్తు నేను ఆగస్టులో నింపాను. అధ్యక్షుడు ఎమిల్ బొబాక్ ఐదు నెలలు సంతకం చేయలేదు. అనుమతి లేకుండా ఉత్తరాలు పంపవద్దని చెప్పాను, వినలేదు. చెప్పినదాన్నే స్టాంపులు అంటించాను. ఆ మేరకు తప్పు నాది. ఇంకొకటి కూడా ఉంది. ఈ సంస్థని మొదలుపెట్టింది నేను, మా అమ్మ ఆనా కోసం. స్థాపకుల గడిలో నా భర్త పేరు రాసింది కూడా నేనే, ఎవరూ బలవంతపెట్టలేదు. అన్ని రాష్ట్రాలకీ ఏటా అదే పంపాను. ఇది సరిదిద్దడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం అడిగితే, ప్రమాణం చేసి చెప్పగల జవాబు నా దగ్గర లేదు.*

టిల్డా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ అమ్మ చెప్తుండేది. మేం నమ్మలేదే," అంది. "ఇది ఎమిల్ చూశాడా?" అని అడిగింది.

"చూస్తాడు. ఈసారి పసుపు చీటీలు అంటించను. తనే మొదటి నుంచీ చదువుకోవాలి."

"సంతకం కింద పదవి గడి ఖాళీగా ఉంది. వాలంటీరు అనేనా?"

వెరోనా కలం తీసుకుని 'స్థాపకురాలు' అని రాసింది, గుండ్రటి అక్షరాలతోనే.

"అయితే ఎత్తు చెయ్యి," అంది టిల్డా. "ఇందులో రాసిందంతా నిజమేనా?"

చర్చి విందులో, చప్పట్ల మధ్య, కుర్చీలోంచి మోచెయ్యి గుంజి అడిగిన మనిషికి చెప్పాల్సిన మాట అది. వెరోనా కుడిచెయ్యి ఎత్తి, "నిజమేనమ్మా," అంది, అమ్మ లేని గదిలో, నోటరీ ముందు.